ఫిలిప్పీన్స్ మెస్సుల కూర అడిగేటప్పుడు నవ్వులపాలు గాకుంట ఉండాల్నంటే

మన నల్లగొండ, పాలమూరు దిక్కు నుంచి ఎంబీబీఎస్ కి పోయే పిల్లలు టాగలాగ్ (మనీలా దిక్కు భాష) మాటలు నాలుగు బట్టీ కొట్టి ఫ్లైట్ ఎక్కుతరు, కానీ చానామంది దిగేది దక్షిణాన ఉన్న దవావో సిటీల, ఆడ ఎక్కువ నడిచేది బిసాయా భాష, అందుకే మొదలు ఎదుటోళ్ళది ఏ భాషనో అడుగుర్రి. అన్నంల లంగ్గామ్ ఉందని మనీలాల అంటే చీమ పడిందని ప్లేట్ మారుస్తరు, అదే బిసాయాల లంగ్గామ్ అంటే పిట్ట. బుగాస్ ఇంకో తమాషా, బిసాయాల బియ్యం అదే, మొహం మీది మొటిమ గూడ అదే.

ఇగ మనోళ్ళకు అన్నిటికన్న డేంజర్ మాట బాబోయ్. ఆడ దాని అర్థం పంది, పంది కూర గూడ. మిరపకాయ కొరికి బాబోయ్ అని ఒర్రితే పక్క టేబుల్ మీదున్న లావుపాటి అంకుల్ నిన్నే చూస్తడు, మనిషిని ఆ మాట అంటే పెద్ద తిట్టు మరి. మనకెట్లనో వామ్మో ఉంది కదా, గదే వాడుర్రి!

తర్వాత టాగలాగ్ ల మాట ఏడ ఒత్తాల్నో నేర్చుకోర్రి, ఇది జెర ఓపికతోని చెయ్యాలె. బాకా అని ముందు సాగదీస్తే పెద్దకూర, చివర ఒత్తి ఆపితే "ఏమో, కావచ్చు" అని, కాబట్టి పెద్దకూర తిననోళ్ళు వడ్డించే ముందే గట్టిగ అడగాలె. సుకా అని గొంతుల టక్కున ఆపితే వెనిగర్, ఆపకుంట వదిలేస్తే వాంతి. ఊపో అంటే మన ఉప్పు గాదు, ఆనిగెపుకాయ, చివర ఒత్తితే కూసో అని. ఉప్పు గావాల్నంటే ఆసిన్ అడగాలె.

ఇలోకానో (ఉత్తరం దిక్కు భాష) మాట్లాడే ఫ్రెండ్స్ ఇంటికి పోతే బొబ్బర్ల కాయను ఉతోంగ్ అంటరు, మంచి కూరనే, కాకపోతే టాగలాగ్ ల ఆ మాటకు చనుమొన అని అర్థం, మనీలా మార్కెట్ ల నోరు జారొద్దు.

తోయో అంటే సోయా సాస్, అదే నీకు తోయో ఉంది అన్నరంటే నీ మూడ్ బాలేదని, తిక్క లేసిందని. కమోతే అంటే చిలగడదుంప, బండి అడ్డదిడ్డంగ తోలేటోణ్ణి గూడ గదే అంటరు. ఎగ్జామ్ ల ఇత్లోగ్ వచ్చింది అంటే మాత్రం చెప్పక్కర్లేదు, మన దగ్గర గూడ గుడ్డే కదా.

దవావోల కూర బాగుంటే బిసాయాల లామీ కాయో అనుర్రి, వండినామెకు మస్తు సంబురమైతది, కానీ ఆ మాట కూరకే, మనిషిని చూసి లామీ అంటే బూతు, ఈ ఒక్కటి జోక్ కి గూడ అనొద్దు.

ఏ మాటా గుర్తు రాకపోతే తురో-తురో హోటల్ కి పోర్రి, గిన్నెలన్నీ ముంగటే పెడతరు, వేలు పెట్టి చూపిస్తే వడ్డిస్తరు. చూపించే ముందు మాత్రం "బాబోయ్? బాకా?" అని అడుగుర్రి.