కరుస్తుందని పేరుపడ్డ గ్రేహౌండ్ కుక్కని ఇంట్లో పెట్టుకుంటున్నారా?

రేసుల నుంచి వచ్చిన గ్రేహౌండ్‌ని కొన్నాళ్లు సాకడానికి తెచ్చుకుంటూ, "అది కరుస్తుంది, జాగ్రత్త" అనే మాట వినగానే టెన్షన్ పడకండి. కరిచినప్పుడు అదేం చేస్తోందని అడగండి. చాలాసార్లు వచ్చే జవాబు, పడుకుని ఉందని.

ఈ జాతిలో కొన్ని కళ్లు తెరిచే నిద్రపోతాయి. మెలకువగా ఉందనుకుని మనం వీపు మీద చెయ్యి వేస్తాం. అది ఉలిక్కిపడి గుర్రుమంటుంది, ఒక్కోసారి పళ్లు దిగుతాయి. రేసు కుక్కల్ని ఉంచే కెన్నెల్‌లో నిద్రపోతుంటే పక్కన చేరి తాకేవాళ్లు ఎవరుంటారు మరి! అందుకే దూరం నుంచే పేరు పెట్టి పిలవండి. చెవి కదిపితే చాలదు, తల ఎత్తి మీ వైపు చూడాలి. అప్పుడే దగ్గరికి వెళ్లండి. దాని పడక నలుగురూ నడిచే దారిలో వద్దు. మొదట్లో సోఫా ఎక్కించొద్దు. పిల్లలుంటే మధ్యలో గేటు తప్పనిసరి. గుర్రుమందని మాత్రం తిట్టకండి, ఆ హెచ్చరిక మానేస్తే ఈసారి నేరుగా కరుస్తుంది. మెలకువలోనూ తాకనివ్వకపోతే ఎక్కడైనా నొప్పి ఉందేమో, డాక్టరుకు చూపించండి.

బయటికి తీసుకెళ్లేటప్పుడు మార్టింగేల్ కాలర్ (లాగితే కొద్దిగా బిగుసుకునే మెడపట్టీ) వాడండి. గ్రేహౌండ్ తల సన్నం కాబట్టి మామూలు కాలర్ ఇట్టే జారిపోతుంది. గంటకు 60 కిలోమీటర్లు దాటి పరిగెత్తేదాన్ని వెంటపడి పట్టుకోలేం.