బిల్లు మీద ఒక్క వాక్యం

పలాసలో మాది చిన్న జీడిపప్పు యూనిట్. ఆర్డర్లకు కొదవ లేదు, చేతిలో డబ్బే ఆడేది కాదు. వేసవిలో పిక్కలు రొక్కానికి కొనాలి. పప్పు పట్టుకెళ్లిన బయటూరి కంపెనీ మాత్రం డబ్బివ్వకుండా నెలల తరబడి తిప్పేది. ఇంక ఫ్యాక్టరీ ఎక్కడ పెరుగుతుంది?

ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు, చేయించాను. రుసుము లేదు. ఆ నంబరు వేసి, ప్రతి బిల్లు కిందా రాయించాను: ‘2006 ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం 45 రోజుల్లో చెల్లించాలి.’ చిన్న పరిశ్రమలకు రావాల్సిన బాకీలకు గడువు పెట్టిన చట్టం అది: రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులు, లేకపోతే 15 రోజులే. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. అసలు పనిచేసింది మాత్రం 2024 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఆదాయపన్ను నిబంధన: గడువు మీరిన బాకీని, చెల్లించేదాకా, సరుకు కొన్నవాళ్లు పన్ను లెక్కల్లో ఖర్చుగా చూపుకోలేరు. అది చెప్పగానే వాళ్ల అకౌంటెంటే ఫోన్ చేశాడు.

ఇప్పుడు చేతిలో డబ్బు ఆడుతోంది కాబట్టి పిక్కలు సీజన్లోనే కొని ఎండబెట్టి దాస్తున్నాం. పొట్టు తీసే ఆడవాళ్లకి వానాకాలంలోనూ పని దొరుకుతోంది. నాకు అదే పెద్ద సంతోషం.