పాత మారుతి 800 మిస్ కొడుతుంటే లోపం ఎక్కడుందో కనిపెట్టడం ఎలా?

యాక్సిలరేటర్ తొక్కగానే బండి ఒక్క క్షణం తటపటాయించి, ఆ తర్వాత కుదుపుతో ముందుకు దూకుతుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు గేర్ రాడ్ వణుకుతుంది, సైలెన్సర్‌లో లయ తప్పి మధ్యమధ్య ‘ఠప్’మని శబ్దం వస్తుంది. ఈ లక్షణాలు కనబడగానే చాలామంది చేసే మొదటి పని, పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్‌ను విప్పించడం. నా అనుభవంలో అది అన్నిటికంటే చివర చేయవలసిన పని. ఇంజన్ మిస్ కావడానికి, అంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడానికి, నిప్పు, పెట్రోలు, గాలి, కంప్రెషన్ (సిలిండర్‌లో మిశ్రమం నొక్కుకునే ఒత్తిడి) అనే నాలుగింటిలో ఏదో ఒకటి కారణం. ఆ నాలుగింటినీ వరుసగా, ఒక్కొక్కటిగా తేల్చుకుంటూ పోతే చాలా లోపాలు కొత్త పార్టు కొనకముందే బయటపడతాయి.

1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన మారుతి 800లో కార్బొరేటర్ ఉన్న పాత మోడళ్లను దృష్టిలో ఉంచుకుని ఈ వివరాలు రాస్తున్నాను. అదే 796 సీసీ ఇంజన్ ఉన్న ఓమ్నీకి కూడా ఇవి వర్తిస్తాయి. ఈ ఇంజన్‌కు ఉన్నవి మూడే సిలిండర్లు కాబట్టి, ఒకటి పనిచేయకపోతే మూడో వంతు శక్తి పోతుంది. అందువల్ల నాలుగు సిలిండర్ల బండి కంటే దీనిలో వణుకు ఎక్కువగా తెలుస్తుంది, లోపాన్ని పట్టుకోవడం కూడా కొంత సులువవుతుంది.

మొదట, ఎప్పుడు మిస్ అవుతోందో రాసుకోండి

బానెట్ ఎత్తకముందే రెండు రోజులు బండిని గమనించి, లోపం ఏ సమయంలో వస్తోందో ఒక కాగితం మీద రాసుకోండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మాత్రమే వస్తే చోక్‌ను (చల్లని ఇంజన్ కోసం గాలిని తగ్గించే మూతను) అనుమానించాలి. అరగంట నడిచి వేడెక్కాక మొదలై, చల్లారాక పోతుంటే నిప్పురవ్వకు కావలసిన వోల్టేజిని పుట్టించే ఇగ్నిషన్ కాయిల్‌ను, పాయింట్లు (కాయిల్ కరెంటును తెంపి కలిపే పాతరకం స్విచ్) ఉన్న బండి అయితే వాటి పక్కనుండే కండెన్సర్‌ను చూడాలి. వాన పడినప్పుడే వస్తే ప్లగ్ వైర్లలోనో డెల్కో (ప్లగ్గులకు కరెంటు వరుసగా పంచే డిస్ట్రిబ్యూటర్) మూతలోనో లోపం ఉంటుంది. ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రమే వస్తుంటే పెట్రోలు సరిపడా అందడం లేదని గానీ, ప్లగ్గులు, వైర్లు బలహీనపడ్డాయని గానీ అనుకోవచ్చు. ఎందుకంటే ఎక్సలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరిగి, నిప్పురవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజి కావలసి వస్తుంది.

ఏ సిలిండర్ అన్నది తేల్చుకోండి

బండిని న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్ బ్రేక్ వేయండి. ఈ కారులో రేడియేటర్ ఫ్యాన్ కరెంటుతో తిరుగుతుంది, ఎప్పుడైనా తనంతట తానే మొదలవుతుంది కాబట్టి చున్నీ, పైట, వదులు చొక్కా చేతులు దానికి దూరంగా ఉండేలా చూసుకోవాలి. ప్లగ్ వైర్ల మీద 1, 2, 3 అని టేపుతో గుర్తులు పెట్టండి. దీని ఫైరింగ్ వరుస, అంటే సిలిండర్లలో నిప్పు పడే క్రమం, 1-3-2. తిరిగి పెట్టేటప్పుడు రెండు వైర్లు తారుమారైతే కొత్త లోపాన్ని మనమే తెచ్చిపెట్టినట్టవుతుంది.

ఇంజన్ నడుస్తుండగా వైరును చేత్తో లాగవద్దు, వేల వోల్టుల షాక్ కొడుతుంది. ఇంజన్ ఆపి, ఒక వైరు తీసి దానికి ఒక పాత ప్లగ్ తగిలించి, ఆ ప్లగ్ లోహభాగాన్ని ఇంజన్‌కు గట్టిగా ఆనించి, చేయి దూరంగా తీసి, అప్పుడు స్టార్ట్ చేయండి. పెట్రోలు కారుతున్న బండిలో ఈ పరీక్ష అసలు చేయకూడదు. వైరు తీయడం వల్ల ఇంజన్ ఇంకా ఎక్కువగా వణికితే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టు, ఏ తేడా రాకపోతే జబ్బు ఉన్నది అందులోనే. ఈ విధంగా మూడింటినీ చూడండి. ఒక్కొక్క పరీక్షకు కొన్ని సెకన్లు చాలు. అంతకంటే ఎక్కువసేపు నడిపితే, సైలెన్సర్‌లో కెటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే భాగం) ఉన్న బండి అయితే మండని పెట్రోలు అందులోకి పోయి మండి, దాన్ని పాడుచేస్తుంది.

ప్లగ్గులు, ఆ తర్వాత డెల్కో

మూడు ప్లగ్గులూ విప్పి ఒక పాత గుడ్డ మీద వరుసగా పెట్టి చూడండి. కొన మీద లేత గోధుమరంగు ఉంటే ఆ సిలిండర్ ఆరోగ్యంగా ఉంది. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువగా పోతోంది. తెల్లగా సున్నం పూసినట్టుంటే గాలి ఎక్కువై మిశ్రమం పలచబడింది. ఆయిల్‌తో తడిసి ఉంటే పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో అరిగాయి. ఒక్క ప్లగ్ మాత్రమే వేరుగా కనిపిస్తే లోపం ఆ సిలిండర్‌దే. మూడూ ఒకేలా ఉంటే కార్బొరేటర్, కాయిల్ లాంటి ఉమ్మడి భాగాలను చూడాలి.

నా బండి ఒక వర్షాకాలమంతా ఇలాగే సతాయించింది. ఒక షెడ్డులో రెండుసార్లు కార్బొరేటర్ కడిగారు, పెట్రోలును కొలిచి వదిలే జెట్లు మార్చారు, వాన పడిన ప్రతిసారీ మళ్లీ అదే కుంటి నడక. చివరికి ఒక సాయంత్రం నేనే డెల్కో మూత విప్పి టార్చి వెలుగులో లోపలి వైపు తిప్పి చూస్తే, రెండు ఇత్తడి కొనల మధ్య పెన్సిలుతో గీసినట్టు వెంట్రుకంత నల్లని గీత ఉంది. గోరుతో గీకితే పోలేదు. అది బీటలో పేరుకున్న బొగ్గు. తేమ పట్టగానే కరెంటు ప్లగ్‌కు పోకుండా ఆ గీత వెంట పక్క కొనకు దూకేది. మూత మార్చగానే మూడు నెలల బాధ తీరింది. అందుకే మూతను పైపైన తుడిచి వదిలేయకుండా, లోపలి గోడలను, మధ్యలోని కార్బన్ ముక్కను, లోపల తిరిగే రోటర్ కొనను వెలుగులో జాగ్రత్తగా చూడమని అందరికీ చెబుతుంటాను.

చీకటి పడ్డాక ఇంజన్ నడిపిస్తూ బానెట్ ఎత్తి, ప్లగ్ వైర్ల మీద స్ప్రే సీసాతో సన్నగా నీళ్లు చల్లండి. వైరు మీద నీలి మెరుపులు పాకుతూ కనబడినా, చిటచిట శబ్దం వినబడినా ఆ వైర్లను సెట్టుగా మార్చవలసిందే.

పెట్రోలు

తొక్కగానే తటపటాయించి, తర్వాత బాగానే పోతుంటే, తొక్కినప్పుడు అదనపు పెట్రోలు చిమ్మే ఎక్సలరేటర్ పంపును చూడాలి. ఇంజన్ ఆపి చల్లారనిచ్చి, ఎయిర్ క్లీనర్ మూత తీసి, కార్బొరేటర్ గొంతులోకి చూస్తూ థ్రాటిల్‌ను చేత్తో ఒక్కసారి తిప్పండి. సన్నని పెట్రోలు ధార వెంటనే చిమ్మాలి. ఆలస్యంగా వచ్చినా, చుక్కలుగా కారినా పంపు డయాఫ్రమ్ (లోపలి రబ్బరు పొర) చిరిగి ఉండవచ్చు. కొత్త డయాఫ్రమ్ ఖరీదు కార్బొరేటర్ ఖరీదుతో పోలిస్తే ఎంతో తక్కువ.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. పాత కార్ల రబ్బరు పైపులు, డయాఫ్రమ్‌లు దీనికోసం తయారైనవి కావు. పైగా ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉండటం వల్ల అదే జెట్‌తో మిశ్రమం కొంత పలచబడుతుంది. అది నీటిని కూడా పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి కదలని బండిలో ట్యాంకు అడుగున నీరు చేరే ప్రమాదం ఉంది. ఫిల్టర్‌ను మార్చి, అందులోని పెట్రోలును గాజు గ్లాసులోకి వంపి చూడండి. అడుగున నీటి పొరో, తుప్పు పొడో కనిపిస్తే ముందు ట్యాంకు శుభ్రం చేయించాలి.

గాలి లీకు

ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ మాత్రం నడుస్తున్నప్పుడు వణికి, వేగంలో సర్దుకునే బండిలో గాలి లీకును అనుమానించాలి. కార్బొరేటర్ కింది ప్యాకింగ్, వాక్యూమ్ పైపుల చివర్లు, మానిఫోల్డ్ (మిశ్రమాన్ని సిలిండర్లకు చేర్చే గొట్టం) అంచుల మీద నీళ్లు సన్నగా చల్లండి. ఎక్కడ చల్లినప్పుడు ఇంజన్ శబ్దం మారితే అక్కడ లీకు ఉన్నట్టు. కొందరు ఈ పరీక్షకు పెట్రోలు చల్లుతారు. వేడి ఇంజన్ మీద అది మంటకు దారి తీస్తుంది కాబట్టి ఎప్పుడూ చేయవద్దు.

కంప్రెషన్, టాపెట్లు

ఇంతవరకు ఏదీ దొరకకపోతే కంప్రెషన్ గేజి ఉన్న మెకానిక్ దగ్గరకు వెళ్లండి. మూడు ప్లగ్గులూ తీసి, కాయిల్ కనెక్షన్ తొలగించి, ఎక్సలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి పరీక్షించమనండి. ఒక సిలిండర్ తక్కువ చూపిస్తే అందులో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు గానీ హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ల పైమూత కింది ప్యాకింగ్) గానీ కారణం. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు తగ్గితే గ్యాస్కెట్ మీదే ఎక్కువ అనుమానం. వాల్వులను తెరిచే టాపెట్ల శబ్దం బొత్తిగా వినబడకపోవడం మంచి లక్షణమని చాలామంది నమ్ముతారు. నిజానికి అవి మరీ బిగుసుకుంటే వేడెక్కాక వాల్వ్ పూర్తిగా మూసుకోక, ఐడిల్‌లో మిస్ వస్తుంది, క్రమంగా వాల్వ్ కూడా కాలిపోతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మాన్యువల్‌లోని కొలత ప్రకారం వాటిని సరిచేయించాలి.

ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేసి, ప్రతిసారీ అదే రోడ్డు మీద, అదే గేరులో నడిపి చూసి ఫలితాన్ని మొదట రాసుకున్న కాగితం మీదే నమోదు చేయండి. షెడ్డుకు వెళ్లవలసి వస్తే ‘పికప్ లేదు’ అని చెప్పి ఊరుకోకుండా ఆ కాగితాన్ని, గుడ్డలో చుట్టిన ఆ మూడు ప్లగ్గులను, ఏది ఏ సిలిండర్‌దో గుర్తు పెట్టి, మెకానిక్ చేతికి ఇవ్వండి.