ఆవకాయ కలిపే ముందు: కారం, ఆవాలు, ఉప్పు విషయంలో జాగ్రత్తలు

పచ్చడి కాయ మార్కెట్లోకి వచ్చిందంటే అందరి దృష్టీ కాయ మీదే. టెంక కట్టిందా, పీచుందా, పులుపు సరిపోతుందా అని పదిసార్లు చూస్తాం. కారం, ఆవపిండి మాత్రం కొట్లో ఏది కనిపిస్తే అది తెచ్చేస్తాం. నా టెన్షనంతా వాటి గురించే. కూరలో కల్తీ పడితే ఒక పూటతో పోతుంది. జాడీలో పడితే పిల్లలతో సహా ఏడాదంతా తింటాం.

ముందు కారం సంగతి. గ్లాసు నీళ్ల మీద చిటికెడు కారం చల్లితే ఎర్రటి చారలు వెంటనే కిందికి దిగాయంటే రంగు కలిపినట్టే. అడుగున చేరిన పొడిని వేళ్లతో నలపండి. గరగరలాడితే ఇటుక పొడో ఇసుకో ఉంది. ఈ పరీక్ష తప్పకుండా చేయండి, కానీ ఇందులో నెగ్గిన కారమంతా మంచిదని నమ్మకండి. సుడాన్ రంగులు నీళ్లలో కరగవు, నూనెలో కరుగుతాయి. మైనాలకు, పాలిష్‌లకు వేసే ఈ రంగులు ఆహారంలో నిషిద్ధం. నీళ్ల గ్లాసులో బయటపడని ఆ రంగు ఆవకాయ నూనెలో చక్కగా కలిసిపోయి, ఊట ఎర్రగా దిగిందని మనల్ని మురిపిస్తుంది. 2003లో మన దేశం నుంచి వెళ్లిన కారంలో సుడాన్ 1 ఉన్నట్టు ఫ్రాన్స్‌లో బయటపడింది. 2005లో బ్రిటన్‌లో అలాంటి కారంతో చేసిన ఒక సాస్ వల్ల వందల రకాల ఆహార పదార్థాలను దుకాణాల నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఈ రంగును ల్యాబ్‌లోనే పట్టుకోగలరు.

అందుకే మిరపకాయలు కొని, తొడిమలు తీసి, ఎండబెట్టి, దగ్గరుండి మరలో పొడి పట్టించండి. శ్రమే, కానీ ఇంతకన్నా నమ్మకమైన దారి లేదు. రంగు పోయి తెల్లబడిన తాలు కాయలు చవగ్గా దొరుకుతాయి. వాటి పొడికి రంగు కలిపితే మేలురకం కారంలా కనబడుతుంది, మోసం జరిగేది అక్కడే. నాలుగు కాయలు విరిచి చూడండి. లోపల బూజుంటే ఆ సరుకు వద్దు. బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ కాలేయానికి చేటు, ఎండబెట్టినా వేయించినా పూర్తిగా పోదు. ఎర్రదనం కావాలంటే ఘాటు కాయలో కొంత బ్యాడిగి మిరప గానీ వరంగల్ చపాటా మిరప గానీ కలపండి.

ఆవపిండి కూడా ఇంట్లోనే కొట్టుకోవడం మంచిది. పొలాల్లో పచ్చపూల ముళ్ల మొక్క బలురక్కసి ఉంటుంది కదా, దాని గింజలు అచ్చం ఆవాల్లా ఉంటాయి. 1998లో ఢిల్లీలో ఆ గింజల నూనె కలిసిన ఆవనూనె తిని 60 మందికి పైగా చనిపోయారు. కాళ్లు వాచి, ఆయాసంతో వేల మంది ఆసుపత్రుల పాలయ్యారు. తెల్ల పళ్లెంలో చెంచాడు ఆవాలు పోసి చూడండి. ఆవగింజ నున్నగా ఉంటుంది, నలిపితే లోపల పసుపు. బలురక్కసి గింజ గరుకుగా నల్లగా ఉంటుంది, లోపల తెలుపు.

నూనె సీలున్న డబ్బాలోదే తీసుకోండి. ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు, తయారీ తేదీ చూడండి.

ఉప్పు దగ్గర చాలామంది పొరబడతారు. అయోడిన్ కలపని ఉప్పును నేరుగా తినడానికి అమ్మడం 2006 నుంచి దేశమంతా నిషేధం. నిల్వ పెట్టడానికని లేబుల్ వేసి అమ్మే ఉప్పుకు మినహాయింపు ఉంది. కాబట్టి పచ్చడికి అలాంటి లేబులున్న కల్లుప్పు వాడుకోవచ్చు. మిగిలిన ఆ ఉప్పు రోజువారీ వంటలోకి రాకూడదు, ముఖ్యంగా ఇంట్లో గర్భిణులుంటే. కడుపులో బిడ్డ మెదడు ఎదుగుదలకు అయోడిన్ కావాలి.

పొడులే కొనక తప్పనివాళ్లు బిల్లు తీసుకోండి, ప్యాకెట్ దాచండి. అనుమానం వస్తే ఎఫ్ఎస్ఎస్ఏఐ టోల్ ఫ్రీ నంబరు 1800112100కి గానీ, జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారికి గానీ ఫిర్యాదు చేయండి. పరీక్షకు పంపిస్తామని కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పి, ఫీజు కట్టి సరుకును ఫుడ్ అనలిస్టుతో పరీక్ష చేయించుకునే హక్కు 2006 ఆహార భద్రతా చట్టం 40వ సెక్షన్ కింద మనకుంది. సరుకు ప్రమాణాలకు తగ్గట్టు లేదని తేలితే ఆ ఫీజు తిరిగి ఇస్తారు.