పైథాన్ టెస్టులు నేర్చుకుందాం – 6వ భాగం: ఫెయిలైన టెస్టు వదిలిన ఫైళ్లు

గత భాగంలో రసీదు ఫైలు రాసే ఫంక్షన్‌కు ఒక టెస్టు రాశాం. అది తాత్కాలిక ఫోల్డర్ సృష్టిస్తుంది, అందులో రసీదు రాయిస్తుంది, మొత్తం 450 రూపాయలు వచ్చిందో లేదో సరిచూస్తుంది, చివరి వరుసలో ఫోల్డర్‌ను తొలగిస్తుంది. ఇప్పుడు ఫంక్షన్‌లోని పన్ను లెక్కను కావాలనే తప్పుగా మార్చి, టెస్టును మళ్లీ నడపండి. సరిచూసే వరుస దగ్గరే అసర్షన్‌ఎర్రర్ వస్తుంది. ఆ కింద ఉన్న తొలగించే వరుస నడవనే నడవదు. లైనక్స్‌లో టీఎంపీ డైరెక్టరీ తెరిచి చూస్తే ‘టీఎంపీ’ అని మొదలై, వెనుక అర్థంపర్థం లేని ఎనిమిది అక్షరాలున్న ఫోల్డర్ ఒకటి కనబడుతుంది. అది మన టెస్టు వదిలి వెళ్లినదే.

ఒక్క ఫోల్డర్ వల్ల నష్టం లేదు. కానీ టెస్టులు నడిపే సర్వర్ మీద రోజంతా ఇదే జరిగితే ఒకనాటికి డిస్కు నిండుతుంది. అప్పుడు ఏ పాపమూ ఎరుగని వేరే టెస్టులు ఫెయిలవుతాయి, తప్పు లేని కోడ్‌లో తప్పు కోసం గంటలు పోతాయి. ఇంకో చిక్కు కూడా ఉంది: చిన్న చిన్న ఫైళ్లు లక్షల్లో పేరుకుంటే డిస్కులో చోటు ఉన్నా ఐనోడ్‌లు (ప్రతి ఫైలుకూ ఒకటి చొప్పున ఫైల్ సిస్టమ్ కేటాయించే నమోదులు) అయిపోతాయి. డిస్కు వాడకం చూపే డీఎఫ్ ఆదేశం ఖాళీ ఉందని చెబుతున్నా కొత్త ఫైలు పుట్టకపోతే, అదే ఆదేశానికి ‘ఐ’ ఐచ్ఛికం జోడించి చూడండి.

పైథాన్‌తో వచ్చే టెస్టు మాడ్యూల్ యూనిట్‌టెస్ట్‌లో అందరూ మొదట నేర్చుకునే మందు టియర్‌డౌన్, అంటే టెస్టు తర్వాత నడిచే మెథడ్. టెస్టు పాసైనా ఫెయిలైనా అది నడుస్తుంది కాబట్టి తొలగించే పనిని అందులో పెడతారు. ఇది సగం మందే. టెస్టుకు ముందు నడిచే సెటప్‌లో మొదటి వరుస ఫోల్డర్ సృష్టించింది, రెండో వరుస నమూనా ఫైలును అందులోకి కాపీ చేయబోయింది, ఆ నమూనా ఫైలు అక్కడ లేదు అనుకుందాం. సెటప్ మధ్యలో ఆగిపోతుంది. సెటప్ పూర్తికాకపోతే యూనిట్‌టెస్ట్ టియర్‌డౌన్‌ను పిలవదు. ఫోల్డర్ అలాగే మిగిలిపోతుంది.

అందుకే నేను, టెస్టు తర్వాత చేయాల్సిన పనిని నమోదు చేసే యాడ్‌క్లీనప్ వాడమంటాను. సెటప్‌లో ఫెయిలైనా, టెస్టులో ఫెయిలైనా, అప్పటివరకు దానితో నమోదు చేసిన పనులన్నీ నడుస్తాయి. ఎమ్‌కేడీటెంప్‌తో ఫోల్డర్ సృష్టించిన వరుసకు సరిగ్గా కింది వరుసలోనే, మధ్యలో మరేమీ రానీయకుండా, ఫోల్డర్‌ను లోపలివాటితో సహా తొలగించే, షుటిల్ మాడ్యూల్‌లోని ఆర్‌ఎంట్రీని నమోదు చేయండి. కొత్తవాళ్లు తరచూ తడబడేది ఇక్కడే. ఫంక్షన్ పేరు, కామా, ఫోల్డర్ దారి అని విడివిడిగా ఇవ్వాలి. ఆర్‌ఎంట్రీ పక్కనే బ్రాకెట్లు పెట్టి దారిని అందులో ఇస్తే, అది నమోదు కాదు, అక్కడికక్కడే నడుస్తుంది. టెస్టు మొదలు కాకముందే ఫోల్డర్ మాయమై, ‘ఫైల్‌నాట్‌ఫౌండ్’ అనే ఎర్రర్ ఎదురవుతుంది.

నమోదైన పనులు చివరిది మొదట అన్న క్రమంలో నడుస్తాయి. ముందు ఫోల్డర్ తొలగింపును, తర్వాత అందులో తెరిచిన ఫైలు మూసివేతను నమోదు చేస్తే, ఫైలు ముందు మూసుకుంటుంది, ఫోల్డర్ ఆ తర్వాత పోతుంది. మామూలుగా తెరిచి ఉన్న ఫైలును విండోస్ తొలగించనివ్వదు కాబట్టి అక్కడ ఈ క్రమం చాలా ముఖ్యం. తొలగింపులో వచ్చే తప్పులను పట్టించుకోవద్దని ఆర్‌ఎంట్రీకి చెప్పే వీలుంది గానీ, దాని జోలికి పోకండి. మూయని ఫైలు ఎక్కడుందో చెప్పే ఎర్రర్‌ను మన చేతులతో మనమే నొక్కేసినట్టవుతుంది.

అన్నీ తుడిచేస్తే ఫెయిలైన టెస్టు ఏమి రాసిందో చూసేదెలా? ఇది న్యాయమైన ప్రశ్న. పైటెస్ట్ అనే మరో టెస్టు పరికరంలో దీనికి మంచి జవాబు ఉంది. టీఎంపీ పాత్ అనే ఫిక్స్చర్ (టెస్టుకు కావాల్సినది సిద్ధం చేసే ఫంక్షన్) ఇచ్చే ఫోల్డర్లలో చివరి 3 సార్లు నడిపినవి ఉంచి, అంతకు పాతవి అదే తొలగిస్తుంది. 7.3 వెర్షన్ నుంచి, ఫెయిలైన టెస్టుల ఫోల్డర్లు మాత్రమే ఉంచమని కూడా చెప్పవచ్చు. సాక్ష్యం దొరుకుతుంది, గుట్టలు పేరుకోవు.

ఇంత చేసినా ఒక సందర్భంలో ఏదీ పనిచేయదు. గడువు మించిందని సర్వర్ సిగ్‌కిల్ (ప్రాసెస్‌ను బలవంతంగా ఆపే సంకేతం) పంపితే ప్రాసెస్ ఉన్నపళంగా ఆగిపోతుంది, యాడ్‌క్లీనప్‌కు గానీ ఫైనల్లీకి గానీ అవకాశం రాదు. అలా మిగిలినవాటిని తర్వాత బయటి నుంచే ఊడ్చాలి. దానికి వీలుగా ఎమ్‌కేడీటెంప్‌కు ‘రసీదుటెస్ట్’ లాంటి సొంత ప్రిఫిక్స్ ఇవ్వండి. ఫైండ్ ఆదేశంతో ఆ పేరుతో మొదలయ్యే పాత ఫోల్డర్లను మాత్రమే వెతకండి. అదే నిమిషంలో పక్కన మరో టెస్టు నడుస్తూ ఉండవచ్చు కాబట్టి వయసు షరతు తప్పనిసరి. చివరిసారి మారిన సమయాన్ని చూసే ఎంటైమ్‌కు ప్లస్ 1 ఇస్తే ఒక రోజు దాటినవి వస్తాయని అనిపిస్తుంది. ఫైండ్ పూర్తయిన రోజులనే లెక్కిస్తుంది కాబట్టి వచ్చేవి 48 గంటలు నిండినవి. మొదట జాబితా మాత్రమే అచ్చువేయించి, ప్రతి పేరూ కళ్లారా చూశాకే తొలగింపు జోడించండి.

అభ్యాసం: మీ రసీదు టెస్టును యాడ్‌క్లీనప్‌తో తిరగరాయండి. తర్వాత దాన్ని మూడు విధాలుగా చెడగొట్టండి: సరిచూసే వరుసలో ఒకసారి, సెటప్ రెండో వరుసలో ఒకసారి, మధ్యలో ఒక నిమిషం నిద్రపుచ్చి మరో టెర్మినల్ నుంచి సిగ్‌కిల్ పంపి ఒకసారి. ప్రతిసారీ టీఎంపీ డైరెక్టరీలో ఏమి మిగిలిందో రాసిపెట్టుకోండి. ఆ మూడో ఫలితంతోనే 7వ భాగం మొదలుపెడదాం. అందులో తాత్కాలిక డేటాబేస్‌ల సంగతి చూద్దాం.