టర్న్‌టేబుల్‌ను (రికార్డ్ ప్లేయర్‌ను) స్పీకర్లకు కలిపే ముందు చూసుకోవాల్సినవి

అన్నీ ఆఫ్ చేసి, ప్లగ్గులు తీసేశాకే వైర్లు ముట్టుకోండి. ముల్లుకు మూత పెట్టి, టోన్‌ఆర్మ్‌ను, అంటే ముల్లు ఉండే చేతిని, లాక్ చేయండి.

అసలు చూడాల్సింది ఫోనో ప్రీయాంప్, అంటే ముల్లు ఇచ్చే బలహీనమైన సిగ్నల్‌ను పెంచే భాగం. ముల్లు నుంచి వచ్చే సిగ్నల్ మామూలుగా 3 నుంచి 5 మిల్లీవోల్టులే. నేరుగా స్పీకర్లకిస్తే పాట ఎక్కడో దూరం నుంచి, బేస్ లేకుండా పీలగా వినిపిస్తుంది. చాలా టర్న్‌టేబుళ్లకు వెనక ఫోనో, లైన్ అనే స్విచ్ ఉంటుంది. పవర్డ్ స్పీకర్లయితే (లోపలే యాంప్లిఫయర్ ఉన్నవి) లైన్‌లో పెట్టండి, అప్పుడు టర్న్‌టేబుల్‌లోని ప్రీయాంప్ పనిచేస్తుంది. యాంప్లిఫయర్‌లో ఫోనో ఇన్‌పుట్ వాడితే ఫోనోలో. రెండు చోట్లా ప్రీయాంప్ పనిచేస్తే శబ్దం పగిలిపోతుంది, అది మాత్రం చేయకండి.

స్పీకర్లలోనే యాంప్లిఫయర్ లేకపోతే విడిగా ఒకటి కావాలి. ఎరుపు వైరు ఎరుపుకే, నలుపు నలుపుకే.

గుయ్‌మని హమ్ వస్తే టర్న్‌టేబుల్ నుంచి యాంప్లిఫయర్‌కు వెళ్లే గ్రౌండ్ వైరు బిగించారా చూడండి.

టర్న్‌టేబుల్, స్పీకర్లు ఒకే బల్ల మీద వద్దు. ఆ అదురు ముల్లుకు చేరి మళ్లీ స్పీకర్లలోకే వస్తుంది. చోటు లేకపోతే స్పీకర్లను గోడ అరకు మార్చండి.

తాతగారి కాలం నాటి 78 ఆర్‌పీఎమ్ (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డులను మామూలు ఎల్‌పీ రికార్డుల ముల్లుతో వేయకండి. వాటి గాడి వెడల్పు, ముల్లు వేరు.

వాల్యూమ్ సున్నాలో ఉంచే ఆన్ చేయండి.