2005 నాటి మోస్ట్ వాంటెడ్‌ని విండోస్ 10, 11లో ఆడించడం ఎలా

నీడ్ ఫర్ స్పీడ్: మోస్ట్ వాంటెడ్ అనే కార్ల పందెం ఆట 2005 నవంబర్‌లో వచ్చింది. తయారుచేసిన ఈఏ బ్లాక్ బాక్స్ అప్పట్లో అడిగింది 1.4 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, 3 జీబీ ఖాళీ జాగా. ఇవాళ్టి చవక ల్యాప్‌టాప్‌కి కూడా అదేమంత బరువు కాదు. అయినా ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేస్తే ఉలుకూ పలుకూ ఉండదు. లేదా ఒక్క క్షణం నల్లతెర వచ్చి మళ్లీ డెస్క్‌టాప్ ప్రత్యక్షమవుతుంది. తెరుచుకున్నా కార్లన్నీ అడ్డంగా సాగి అప్పడాల్లా కనిపిస్తాయి. ఆట నమ్ముకున్న ఏర్పాట్లలో కొన్నింటిని విండోస్ తీసేసింది, కొన్నింటి తీరు మార్చేసింది, అందుకే ఈ తిప్పలు.

ముందు ఒక మాట. ఏ మోడూ (ఆటని మార్చడానికి బయటివాళ్లు రాసిన అదనపు ఫైళ్లు) వేయకుండా ఆట ఒకసారి తెరుచుకుని, మెనూ దాకా రావాలి. ఆ తర్వాతే ఒక్కొక్కటీ కలపండి, కలిపిన ప్రతిసారీ ఆడి చూడండి. అన్నీ ఒకేసారి వేస్తే, ఆట మొరాయించినప్పుడు ఏది తేడా చేసిందో ఎప్పటికీ తేలదు.

ఇదే పేరుతో 2012లో క్రైటీరియన్ చేసిన ఆట ఇంకొకటుంది. దాని ఫైళ్లు వేరు, దాని చిట్కాలు వేరు. వెతికేటప్పుడు 2005 అన్న అంకె చూసుకోండి.

డిస్క్ తాళం

పాత డీవీడీలో సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణ ఉంది. డ్రైవ్‌లో అసలు డిస్క్ ఉందో లేదో అది సెక్‌డ్రైవ్ అనే డ్రైవర్ సాయంతో చూసుకుంటుంది. ఆ డ్రైవర్ విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లో నడుస్తుంది. మామూలు ప్రోగ్రాము కూడా దాన్ని అడ్డం పెట్టుకుని మొత్తం సిస్టమ్‌ని చేజిక్కించుకోగల లోపం అందులో బయటపడింది. 2015 సెప్టెంబర్ అప్‌డేట్‌తో మైక్రోసాఫ్ట్ దాన్ని విస్టా, 7, 8లలో ఆపేసింది. విండోస్ 10లో అసలు పెట్టనేలేదు. కాబట్టి మీ డిస్క్ కొత్తదిలా మెరుస్తున్నా, ఇన్‌స్టాల్ సజావుగా పూర్తయినా, ఆట మాత్రం తెరుచుకోదు. కంపాటిబిలిటీ మోడ్‌లో ఎక్స్‌పీ అని టిక్ పెట్టినా లేని డ్రైవర్ పుట్టుకురాదు.

టెస్ట్ సైనింగ్ మోడ్ (మైక్రోసాఫ్ట్ ఆమోదం లేని డ్రైవర్లనీ రానిచ్చే ఏర్పాటు) పెట్టి పాత డ్రైవర్‌ని తిరిగి ఎక్కించమని చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి. ఆ పని చేయకండి. బ్యాంకు లావాదేవీలు చేసే కంప్యూటర్‌కి ఒక ఆట కోసం దొడ్డిదారి తెరిచినట్టవుతుంది.

అసలు డిస్క్ యథాతథంగా నడవాలంటే ఇంటర్నెట్‌కి తగిలించని పాత ఎక్స్‌పీ కంప్యూటరే దారి. కొత్త విండోస్‌లో నడిచేది డిస్క్ తనిఖీ లేని 1.3 వెర్షన్ స్పీడ్.ఈఎక్స్ఈ, అంటే ఆటని తెరిచే ఫైలు, మాత్రమే. వైడ్‌స్క్రీన్ ఫిక్స్ లాంటి మోడ్‌లన్నీ కూడా దాన్ని లెక్కలో పెట్టుకునే రాశారు. మీ దగ్గరున్నది అదో కాదో తెలుసుకోవడం తేలిక. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే సైజు 5.75 ఎంబీ అని, పక్కనే 6,029,312 బైట్లు అని ఉండాలి. మీ విండోస్ మన అంకెల పద్ధతిలో ఉంటే అదే 60,29,312 అని కనిపిస్తుంది. ఒక్క అంకె తేడా ఉన్నా మోడ్‌లు పనిచేస్తాయని ఆశ పెట్టుకోకండి. ఈ ఫైలు పేరుతో వైరస్‌లు అంటగట్టే సైట్లు కొల్లలు. డిస్క్ సొంతంగా ఉన్నవాళ్లు కూడా బయటి నుంచి తెచ్చిన ఏ ఫైలునైనా స్కాన్ చేయకుండా తెరవొద్దు.

ఇన్‌స్టాల్

డీవీడీ డ్రైవ్ లేని ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ డ్రైవ్ తగిలించుకోవచ్చు. డిస్క్‌ని ముందే ఐఎస్ఓ (మొత్తం డిస్క్‌కి నకలైన ఒకే ఫైలు) చేసి పెట్టుకుంటే విండోస్ 10, 11లో డబుల్ క్లిక్‌తోనే అది మౌంట్ అవుతుంది. సెటప్ ఫైలుని రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరవండి.

దారి అడిగినప్పుడు ప్రోగ్రామ్ ఫైల్స్ వద్దు. సీ లేదా డీ డ్రైవ్‌లో గేమ్స్ అని ఫోల్డర్ చేసి అందులో వేయండి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో మార్పులు చేసే హక్కు మామూలు ప్రోగ్రాములకు లేదు. పాత ప్రోగ్రాము అక్కడ ఏదైనా రాయబోతే విండోస్ దాన్ని గుట్టుగా వర్చువల్‌స్టోర్ అనే ఇంకో ఫోల్డర్‌కి మళ్లిస్తుంది. మీరు సెట్టింగ్స్ రాసి ఉండే ఒక ఐఎన్ఐ ఫైలు మారుస్తారు, ఆట ఇంకొకటి చదువుతుంది, ఎంత మార్చినా ఫలితం కనిపించదు.

తర్వాత అధికారిక 1.3 ప్యాచ్ వేయండి. ఆ వెంటనే, ఆటలు బొమ్మలు చూపించడానికి వాడుకునే మైక్రోసాఫ్ట్ వారి డైరెక్ట్ఎక్స్ జూన్ 2010 ప్యాకేజీ వేయండి. విండోస్ 11లో డైరెక్ట్ఎక్స్ 12 ఉంది కదా అనిపిస్తుంది గానీ, ఈ ఆట వాడేది డైరెక్ట్ఎక్స్ 9. దాని సహాయక ఫైళ్లు, అంటే డీ3డీఎక్స్9 అని మొదలయ్యే డీఎల్ఎల్‌లు, కొత్త విండోస్‌తో రావు. ఫలానా డీఎల్ఎల్ లేదని ఎర్రర్ వస్తే ఆ ఒక్క ఫైలు కోసం ఊరూపేరూ లేని సైట్లలో వెతకొద్దు, ఈ ప్యాకేజీ వేస్తే అన్నీ ఒకేసారి వస్తాయి.

సేవ్ ఎందుకు అవదు

ఆట మీ ప్రొఫైల్‌ని డాక్యుమెంట్స్‌లోని ఎన్ఎఫ్ఎస్ మోస్ట్ వాంటెడ్ ఫోల్డర్‌లో దాస్తుంది. ఇక్కడ మూడు చోట్ల తేడా వస్తుంది.

ఒకటి, వన్‌డ్రైవ్. కొత్త ల్యాప్‌టాప్‌లలో డాక్యుమెంట్స్ ఫోల్డర్ చాలాసార్లు వన్‌డ్రైవ్‌లోకి మారిపోయి ఉంటుంది. ఆట రాస్తుండగా అది సింక్ చేయబోతే సేవ్ చెడిపోయే ప్రమాదముంది. వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో బ్యాకప్ నుంచి డాక్యుమెంట్స్‌ని తప్పించండి.

రెండు, విండోస్ సెక్యూరిటీలోని కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్. అది ఆన్‌లో ఉంటే తనకు తెలియని ప్రోగ్రాముని డాక్యుమెంట్స్‌లో రాయనివ్వదు. అనుమతించే జాబితాలో స్పీడ్.ఈఎక్స్ఈని చేర్చండి.

మూడోది తెలుగువాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది. విండోస్ యూజర్ ఫోల్డర్ పేరు తెలుగు అక్షరాల్లో ఉంటే ఆ దారి ఇలాంటి పాత ప్రోగ్రాములకు అర్థం కాకపోవచ్చు. ఆ కాలపు ప్రోగ్రాములు చాలావరకు కోడ్ పేజీలతో, అంటే ఒక్కో లిపికి ఉండే అక్షరాల పట్టికలతో పనిచేసేవి. తెలుగుకి విండోస్‌లో అలా వాడుకోగల సిస్టమ్ కోడ్ పేజీ లేదు, దారి యూనికోడ్ ఒక్కటే. డాక్యుమెంట్స్ దారిలో తెలుగు అక్షరాలు కనిపిస్తే ఇంగ్లిష్ పేరుతో ఇంకో యూజర్ అకౌంట్ చేసి అందులో ఆడండి. అకౌంట్ పేరు మార్చినంత మాత్రాన ఫోల్డర్ పేరు మారదు.

వెడల్పు తెర

అసలు ఆటకి తెలిసినవి పాత టీవీ ఆకారపు 4:3 లాంటి తెరలే. థర్టీన్ఏజీ చేసిన వైడ్‌స్క్రీన్ ఫిక్స్ దీనికి మందు. రచయిత సొంత గిట్‌హబ్ పేజీ నుంచే జిప్ ఫైలు దింపుకోండి. అందులోని డీఇన్‌పుట్8 డీఎల్ఎల్, స్క్రిప్ట్స్ ఫోల్డర్ రెండూ సరిగ్గా స్పీడ్.ఈఎక్స్ఈ పక్కనే ఉండాలి. జిప్ పేరుతో ఏర్పడిన ఇంకో ఫోల్డర్‌లో పడి ఉండటమే ఎక్కువమంది చేసే పొరపాటు.

ఇది పనిచేసే తీరు చక్కగా ఉంటుంది. ఆట కీబోర్డు, జాయ్‌స్టిక్‌ల కోసం డీఇన్‌పుట్8ని పిలుస్తుంది. విండోస్ ముందు ఆట ఫోల్డర్‌లో వెతికి, తర్వాతే సిస్టమ్ ఫోల్డర్‌కి వెళుతుంది. పక్కనే ఉన్న మన ఫైలు ముందు దొరికి, స్క్రిప్ట్స్‌లోని మార్పుల్ని ఎక్కించి, అసలు పనిని సిస్టమ్ ఫైలుకి అప్పగిస్తుంది. ఇలా మధ్యలో దూరే పద్ధతి వల్లే కొన్ని యాంటీవైరస్‌లు దీన్ని అనుమానించి తీసేస్తాయి. ఫిక్స్ పనిచేయకపోతే ఫైలు ఇంకా అక్కడే ఉందో లేదో మొదట చూడండి.

స్క్రిప్ట్స్‌లోని ఐఎన్ఐ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పైనే రెస్ఎక్స్, రెస్‌వై అనే రెండు వరసలుంటాయి. రెండిటికీ 0 ఉంటే డెస్క్‌టాప్ రిజల్యూషనే తీసుకుంటుంది. అలాగే వదిలేయండి. అదే ఫైల్లో నీడల నాణ్యత పెంచే వరస కూడా ఉంది, అది తర్వాత చూసుకోవచ్చు.

బొమ్మలో ఒక మూల మాత్రమే కనిపిస్తుంటే డిస్‌ప్లే స్కేలింగ్ 125 లేదా 150 శాతంలో ఉండి ఉంటుంది. స్పీడ్.ఈఎక్స్ఈ ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, ఛేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, కింద ఓవర్‌రైడ్ దగ్గర టిక్ పెట్టి అప్లికేషన్ అని ఎంచుకోండి.

ఇక ఆటలోని రాక్‌పోర్ట్ నగరమంతా పసుపచ్చగా, ఎప్పుడూ సాయంత్రం నాలుగైనట్టు ఉండటం లోపం కాదు, ఆట రూపమే అది. కళ్లకు ఎక్కువనిపిస్తే ఆట సెట్టింగ్స్‌లో విజువల్ ట్రీట్‌మెంట్ తగ్గించవచ్చు గానీ, ఆ రంగు లేకపోతే ఈ ఆట సగం అందం పోతుంది.

వణుకు, నత్తనడక

144 హెర్ట్జ్ తెర మీద బొమ్మ కుదుపులతో వస్తుంటే ఫ్రేముల్ని సెకనుకి 60కి కట్టేయండి. లోపలి లెక్కలు 60కి కుదిరినట్టు మిగతా వేగాలకు కుదరవు. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ ఉంది. ఏ కార్డుకైనా రివా ట్యూనర్ అనే ప్రోగ్రాము పనిచేస్తుంది.

రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లో ఆట నీరసంగా నడుస్తుంటే సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లోకి వెళ్లి స్పీడ్.ఈఎక్స్ఈని చేర్చి హై పెర్ఫార్మెన్స్ పెట్టండి.

కొన్ని కొత్త ఇంటెల్ గ్రాఫిక్స్‌లో డైరెక్ట్ఎక్స్ 9 నేరుగా నడవదు, డైరెక్ట్ఎక్స్ 12లోకి మార్చి నడుపుతారు. అక్కడ తడబాటు కనిపిస్తే డీఎక్స్‌వీకే వేసి చూడండి, అది అదే పనిని వల్కన్ అనే ఇంకో గ్రాఫిక్స్ పద్ధతి ద్వారా చేస్తుంది. దాని టార్.జీజెడ్ ఫైల్లో ఎక్స్32, ఎక్స్64 అని రెండు ఫోల్డర్లుంటాయి. ఎక్స్32లోని డీ3డీ9 డీఎల్ఎల్‌ని ఆట ఫోల్డర్‌లో పెట్టండి. విండోస్ 64 బిట్ అయినా ఆట 32 బిట్. పొరపాటున ఎక్స్64 ఫైలు పెడితే 0ఎక్స్‌సీ000007బీ అనే ఎర్రర్ వస్తుంది. మొదటి కొద్ది నిమిషాలు షేడర్లు (బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాములు) తయారవుతూ చిన్న చిన్న ఆగుళ్లు వస్తాయి, తర్వాత సర్దుకుంటుంది. వల్కన్ 1.3 లేని పాత కార్డులకు డీఎక్స్‌వీకే 1.10.3 వాడాలి.

మీటలు

గేర్ మార్చడానికి షిఫ్ట్ వాడేవాళ్లకి ఐదుసార్లు నొక్కగానే స్టికీ కీస్ పెట్టె ఎదురొస్తుంది, పోలీసులు వెంటపడుతుండగా ఆట కిందికి పోతుంది. సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ (విండోస్ 10లో ఈజ్ ఆఫ్ యాక్సెస్), కీబోర్డులో ఆ షార్ట్‌కట్ ఆపేయండి. కారుకి ఒక్కసారిగా వేగమిచ్చే నైట్రస్ ఆల్ట్ మీద, హ్యాండ్‌బ్రేక్ స్పేస్ మీద ఉంటే అవి రెండూ కలిసి నొక్కుకుని విండో మెనూ తెరుచుకోవచ్చు, నైట్రస్‌ని ఏదో ఒక అక్షరానికి మార్చుకోండి. ల్యాప్‌టాప్ కీబోర్డులో మూడు మీటలు కలిపి నొక్కితే ఒకటి పలకకపోవచ్చు. అది ఆట తప్పు కాదు, కీబోర్డు తీగల అమరిక అంతే. యారో కీల బదులు వేరే అక్షరాలు పెట్టి చూడండి.

ఎక్స్‌బాక్స్ తరహా గేమ్‌ప్యాడ్‌లో రెండు ట్రిగర్లనీ విండోస్‌లోని పాత ఇన్‌పుట్ పద్ధతి డైరెక్ట్‌ఇన్‌పుట్ ఒకే యాక్సిస్‌గా చూస్తుంది. అందుకే గ్యాస్, బ్రేక్ కలిపి నొక్కితే రెండూ రద్దయిపోతాయి. ఎక్స్‌టెండెడ్ ఇన్‌పుట్ అనే ప్లగిన్‌తో ఇది తీరుతుంది.

పెద్ద టెక్స్చర్ ప్యాక్‌లు, కొత్త కార్లు కలిపాక మధ్యలో ఆట మూసుకుపోతుంటే మెమరీ చాలకపోయి ఉండొచ్చు. 32 బిట్ ప్రోగ్రాముకి మామూలుగా దక్కేది 2 జీబీ. ఎన్‌టీకోర్ వారి 4 జీబీ ప్యాచ్‌ని స్పీడ్.ఈఎక్స్ఈకి వేస్తే 64 బిట్ విండోస్‌లో 4 జీబీ దాకా వాడుకుంటుంది. మోడ్‌లు లేనివాళ్లకి దీని అవసరం రాదు.

లినక్స్‌లో, విండోస్ ప్రోగ్రాముల్ని నడిపించే వైన్‌తో ఆడేవాళ్లు వైన్ కాన్ఫిగ్ లైబ్రరీస్‌లో డీఇన్‌పుట్8ని చేర్చి నేటివ్, తర్వాత బిల్టిన్ అని పెట్టాలి. లేకపోతే వైన్ తన సొంత ఫైలే వాడుకుని వైడ్‌స్క్రీన్ ఫిక్స్‌ని పట్టించుకోదు.

ఏ మోడ్ వేసేముందైనా డాక్యుమెంట్స్‌లోని ఆ ఎన్ఎఫ్ఎస్ మోస్ట్ వాంటెడ్ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఆటలోని రేసర్ల జాబితా అయిన బ్లాక్‌లిస్ట్‌లో 15వ స్థానం నుంచి మొదటి స్థానంలోని రేజర్ దాకా ఎక్కిన ప్రొఫైల్ చెడిపోతే బాగుచేసే పనిముట్టు ఆటలో లేదు. కొత్త కంప్యూటర్‌కి మారినప్పుడు అదే ఫోల్డర్‌ని డాక్యుమెంట్స్‌లో పెడితే ఎక్కడ ఆపారో అక్కడి నుంచే మొదలవుతుంది.